ఖాలీ వరఖ్‌లు నిండిన తారీఖ్

మా ఆపా బీరువాలో ఒక ఖాకీ లిఫాఫా ఉంది. నిఖానామా కాగితం పక్కనే, ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంది. లోపల ఒకే ఒక్క రిపోర్టు. దాని మీద నలుపూ తెలుపూ తస్వీర్ ఒకటి. చిన్న చిన్న దారప్పోగుల్ని కత్తిరించి, జంటలు జంటలుగా పేర్చి, కింద నంబర్లు వేసినట్టు ఉంటుంది. లెక్కపెడితే 46 ఉండాలి. ఆ కాగితం మీద 45 ఉన్నాయి. పదమూడో జంటలోది ఒకటి, పద్నాలుగో జంటలోది ఒకటి, రెండూ తలలు అతుక్కుని ఒకే పొడవాటి పోగు అయిపోయాయి.

అది మా ఆపా రిపోర్టు కాదు. దుల్హేభాయ్‌ది.

ఆ కాగితం మా ఖాందాన్‌లోకి రావడానికి అయిదేళ్ళు పట్టింది. ఆ రెండు పోగులు ఎందుకు అతుక్కుంటాయో దునియాకి తెలియడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. ఈ రెండో తారీఖ్ చెప్పాలనే ఇవాళ కూర్చున్నాను. కానీ మొదటిది చెప్పకుండా రెండోది చెబితే అది ఉత్త సైన్సు సబఖ్ అయిపోతుంది. అందుకని ఆపా, దుల్హేభాయ్ ఇద్దరి ఇజాజత్ తీసుకుని మొదటిదీ చెబుతున్నాను.

ఆపా నిఖా 1999లో అయింది. 2003 ఎండాకాలం వచ్చేసరికి మూడుసార్లు కడుపుతో ఉంది, మూడుసార్లూ మూడో నెల దాటకుండానే పోయింది. మూడోసారి దవాఖానాకి ఆటోలో తీసుకుపోయింది నేనే. ఇంటికి తిరిగొచ్చాక మాటలు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు. నజర్ తగిలిందని ఒకరు, అమ్మాయి ఒంట్లో వేడి ఎక్కువని ఒకరు, పెళ్ళికి ముందు ఎక్కువ చదివిందని ఒకరు. వంటింట్లో గుసగుసగా ఇంకో నిఖా మాట కూడా వచ్చింది. ఆ నాలుగేళ్ళలో పరీక్షలన్నీ ఆపాకే. సూదులన్నీ ఆపాకే. దుల్హేభాయ్ చేతికి ఒక్క సూది గుచ్చాలని ఎవరికీ ఖయాల్ రాలేదు.

సరిగ్గా ఆ ఏప్రిల్‌లోనే అఖ్బార్‌లో ఒక ఖబర్ చదివాను. మనిషి జీనోమ్ మొత్తం చదివేశారట. మనిషి ఒంటిని రాసిన కితాబ్ పూరా అయిపోయిందట. నేను ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాను. ఇంత పెద్ద కితాబ్ చదివేశారు కదా, ఇందులో మా ఆపా జవాబు ఏదో ఒక వరఖ్ మీద ఉంటుందనుకున్నాను.

2004లో ఒక కొత్త డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె మొట్టమొదట అన్న మాట, "మియా బీబీ ఇద్దరి ఖూన్ కావాలి." అలా వచ్చింది ఆ ఖాకీ లిఫాఫా. "ఇది ఎవరి కసూరూ కాదు. ఈయన పుట్టుకతోనే ఇలా ఉన్నారు, సేహత్ బాగుంది, ఇక ముందూ బాగుంటుంది. పిల్లల దగ్గరే లెక్క ఒక్కోసారి తప్పుతుంది" అని ఆమె నిదానంగా చెప్పింది. నేను ఉండబట్టలేక అడిగాను, ఈ రెండూ ఎందుకు అతుక్కున్నాయి డాక్టర్ సాబ్ అని. "ఆ అతుకు పడే జాగా ఇంకా ఎవరూ చదవలేదు" అంది. అఖ్బార్‌లో పూరా చదివేశాం అని రాశారు కదా అన్నాను. ఆమె నవ్వింది. "పూరా అంటే, చదవగలిగినంత పూరా."

ఆ మాట నన్ను వదల్లేదు. చదవలేకపోయిన జాగా ఏమిటి, ఎందుకు చదవలేకపోయారు, తర్వాత ఎలా చదివారు, అదే ఈ తారీఖ్.

* * *

ముందు చదవడం అంటే ఏమిటో చూద్దాం. డీఎన్‌ఏ నాలుగే హర్ఫ్‌ల జబాన్. ఆ నాలుగు హర్ఫ్‌లు మనిషిలో ఒక వరుస సెట్టుకి 300 కోట్ల పైచిలుకు. అమ్మీ తరఫున ఒక సెట్టు, అబ్బా తరఫున ఒక సెట్టు. ఒక్కో సెట్టు 23 జిల్దులు. ఆ జిల్దులనే క్రోమోజోములు అంటారు. రెండు సెట్లు కలిపి 46 అనే సంగతి కూడా పాతదేమీ కాదు. 1956 దాకా దునియా 48 అనే నమ్మింది. స్వీడన్‌లో జో హిన్ ట్జియో, ఆల్బర్ట్ లెవాన్ అనే ఇద్దరు సరిగ్గా లెక్కపెట్టి 46 అని తేల్చారు.

హర్ఫ్ హర్ఫ్‌గా చదివే సులువైన తరీఖా 1977లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ సాంగర్ చూపించాడు. కెమిస్ట్రీలో రెండుసార్లు నోబెల్ అందుకున్న మనిషి ఆయన, 1958లో ఒకసారి, 1980లో ఒకసారి. ఆయన బృందం మొదట చదివిన పూరా డీఎన్‌ఏ కితాబ్ ఒక చిన్న వైరస్‌ది. 5,386 హర్ఫ్‌లు, అంతే. ఆ తరీఖాలో ఒక చిక్కు ఉంది. ఒక్కసారికి చదవగలిగేది కొన్ని వందల హర్ఫ్‌లే, మహా అయితే వెయ్యి. మనిషి మొదటి జిల్దు ఒక్కటే సుమారు 24 కోట్ల 80 లక్షల హర్ఫ్‌లు. కాబట్టి కితాబ్‌ని ముక్కలు ముక్కలుగా చింపి, ఒక్కో ముక్క చదివి, మళ్ళీ అతికించాలి.

అతికించడం ఎలాగో మా అబ్బా షౌఖ్‌తో చెబితే సులువు. అబ్బాకి గజల్ అంటే ప్రాణం. ఒకే దీవాన్ కాపీలు ఇరవై తెచ్చి, ఒక్కోదాన్ని ఇష్టమొచ్చినట్టు చింపి ఒక కుప్ప పోశారనుకోండి. ఏ రెండు కాపీలూ ఒకే చోట చిరగవు. ఒక ముక్క చివరి మూడు లఫ్జులూ ఇంకో ముక్క మొదటి మూడు లఫ్జులూ ఒకటే అయితే, ఆ రెండూ పక్కపక్కవని తెలుస్తుంది. అలా ఒకదాని మీద ఒకటి ఆనించుకుంటూ పోతే దీవాన్ మళ్ళీ తయారవుతుంది.

ఇప్పుడు రదీఫ్ దగ్గరికి రండి. గజల్‌లో ప్రతి షేర్ చివరా అదే రదీఫ్ తిరిగి తిరిగి వస్తుంది. మీ చేతిలో ఉన్న ముక్క మీద రదీఫ్ తప్ప ఇంకేమీ లేకపోతే, అది ఏ షేర్‌దని చెబుతారు? ఏ షేర్‌కైనా అతుకుతుంది. మొత్తం షేర్ ఉన్న పెద్ద ముక్క దొరికితే మాత్రం ఇక షక్ ఉండదు.

మన డీఎన్‌ఏలో ఇలాంటి రదీఫ్‌లు లెక్కలేనన్ని. ప్రతి క్రోమోజోమ్‌కీ నడుము లాంటి జాగా ఒకటి ఉంటుంది, దాన్ని సెంట్రోమియర్ అంటారు. అక్కడ సుమారు 171 హర్ఫ్‌ల ఒకే రకం మిస్రా వేలసార్లు వరుసగా వస్తుంది, కొన్ని హర్ఫ్‌లు అటూ ఇటూగా. ఇక 13, 14, 15, 21, 22 నంబర్ల క్రోమోజోములకి నడుము పైన ఒక పొట్టి చెయ్యి ఉంటుంది. ఆ అయిదు పొట్టి చేతులూ నిండా రదీఫ్‌లే. పైగా ఒకదాని ఇబారత్ ఇంకోదానిలా ఉంటుంది. మా దుల్హేభాయ్ రిపోర్టులో అతుకు పడింది సరిగ్గా అలాంటి రెండింటి మధ్యే.

* * *

మనిషి కితాబ్ చదివే పెద్ద పని, హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్టు, 1990లో మొదలైంది. ఆరు ముల్కుల సైంటిస్టులు, పదమూడేళ్ళు, సుమారు 270 కోట్ల డాలర్లు. అందులో చదివినది ఏ ఒక్కరి డీఎన్‌ఏనో కాదు. అమెరికాలో బఫెలో అనే షహర్‌లో 1997లో అఖ్బార్‌లో ఇష్తెహార్ ఇచ్చి, ఖూన్ ఇవ్వడానికి వచ్చినవాళ్ళ నుంచి పేర్లు తీసేసి ఎంచుకున్నారు. చివరికి కితాబ్‌లో దాదాపు 70 శాతం ఒకే ఒక్క గుమ్‌నామ్ మగమనిషిది.

2000 నాటికి సర్కారీ బృందానికీ, క్రెయిగ్ వెంటర్ ప్రైవేటు కంపెనీకీ మధ్య ముకాబలా ముదిరింది. ముక్కలున్నాయి, అతికించే ప్రోగ్రామ్ లేదు. కాలిఫోర్నియాలో శాంతాక్రజ్ యూనివర్సిటీలో జిమ్ కెంట్ అనే చదువుకుంటున్న విద్యార్థి నాలుగు వారాలు రాత్రనక పగలనక కూర్చుని సుమారు 10,000 వరుసల ప్రోగ్రామ్ రాశాడు. మణికట్టులు వాచిపోతే ఐసు పెట్టుకుంటూ రాశాడంటారు. 2000 జూన్ 26న వైట్‌హౌస్‌లో క్లింటన్ ఏలాన్ చేసేసరికి ఆ అతుకుల కితాబ్ తయారుగా ఉంది.

2003 ఏప్రిల్‌లో 'పూర్తయింది' అన్నారు. నేను కత్తిరించుకున్న ఖబర్ అదే. సైంటిస్టులు ఝూట్ చెప్పలేదు. ఆనాటి ఔజార్లతో చదవగలిగిందంతా చదివాం అన్నారు. కానీ అఖ్బార్ హెడ్డింగులో అంత జాగా ఉండదు కదా. హకీకత్ ఏమిటంటే దాదాపు 8 శాతం ఖాలీ. సెంట్రోమియర్లు ఖాలీ. ఆ అయిదు పొట్టి చేతులు పూరాగా ఖాలీ. ఖాలీ ఉన్న చోట కంప్యూటర్‌లో 'ఎన్' అనే ఒకే ఇంగ్లీషు హర్ఫ్‌ని లక్షలసార్లు వేసి వదిలేశారు.

తర్వాత జరిగింది తమాషా. 2007 ప్రాంతంలో కొత్త మెషీన్లు వచ్చాయి. ధర పడిపోయింది, రఫ్తార్ పెరిగింది, కానీ ముక్కలు ఇంకా చిన్నవైపోయాయి. మొదట్లో 35 హర్ఫ్‌లు, తర్వాత 100, 150. కొత్త మనిషి డీఎన్‌ఏ చదివితే ఆ చిన్న ముక్కల్ని తెచ్చి పాత కితాబ్ మీద పెట్టి సరిచూసేవాళ్ళు. పాత కితాబ్‌లో ఆ జాగా ఖాలీగా ఉంటే, అక్కడి ముక్కకి నిలబడే చోటే లేదు. పక్కన పడేసేవాళ్ళు. అలా కొన్ని లక్షల మంది డీఎన్‌ఏ చదివారు, ఖాలీ వరఖ్‌లు మాత్రం ఖాలీగానే ఉండిపోయాయి.

ఇక్కడొక మాట. సైన్సులో ఆ జాగాకి 'కచరా డీఎన్‌ఏ' అని పేరు పడింది. చదవలేని దాన్ని పనికిరానిదనడం మనుషులకి అలవాటే. మా ఖాందాన్‌లోనూ అదే జరిగింది. జవాబు తెలియని చోట ఆపా మీద ఇల్జామ్ రాసిపెట్టారు.

* * *

పెద్ద ముక్కలు చదవాలని రెండు వేర్వేరు చోట్ల మెహనత్ నడిచింది.

మొదటిది సూది రంధ్రం కథ. 1989లో డేవిడ్ డీమర్ అనే అమెరికన్ సైంటిస్టు కారు నడుపుతూ ఒక ఊహ చేసి, నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకున్నాడు. పల్చటి పొరలో కంటికి కనపడనంత చిన్న రంధ్రం. ఆ రంధ్రం గుండా కరెంటు పారుతూ ఉంటుంది. డీఎన్‌ఏ దారం ఆ రంధ్రంలోంచి దూరుతుంటే, ఒక్కో హర్ఫ్ ఒక్కో రకంగా అడ్డు తగిలి కరెంటు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులు చూసి హర్ఫ్ పోల్చుకోవచ్చు. 1996లో డీమర్, డేనియల్ బ్రాంటన్, వాళ్ళ సాథీలు ఒక బాక్టీరియా తయారుచేసే విషపు ప్రోటీన్‌నే రంధ్రంగా వాడి, దారం దూరుతుందని చూపించారు. 2005లో ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ నానోపోర్ కంపెనీ పెట్టారు. 2014లో అరచేతిలో పట్టే చిన్న మెషీన్ సైంటిస్టుల చేతికి వచ్చింది. బొమ్మ గీసిన నాటి నుంచి పాతికేళ్ళు! ఈ తరీఖాలో ముక్క ఎంత పొడుగుంటే అంత చదువుతుంది. 2018 నాటికి ఒకే దారాన్ని 8 లక్షల హర్ఫ్‌లకు పైగా ఆపకుండా చదివారు.

అంత పొడుగు దారం తీయడమే ఒక హునర్. దమ్ వేసిన బిర్యానీని గరిటెతో గట్టిగా తిప్పితే పొడవాటి బాస్మతి మెతుకులు ఎలా విరిగిపోతాయో, డీఎన్‌ఏ కూడా గొట్టంతో గబుక్కున పీలిస్తే అలాగే తెగిపోతుంది. మెల్లగా, వెడల్పు మూతి గొట్టంతో, సబర్‌గా తీయాలి. వంటింట్లో మన అమ్మీలకి ఎప్పుడో తెలిసిన సంగతి ఇది.

రెండోది దీపం కథ. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ బృందం 2003లో సూక్ష్మమైన గుంటలు తయారుచేసింది. ఒక్కో గుంట అడుగున ఒకే ఒక్క ఎంజైమ్. అది డీఎన్‌ఏకి నకలు రాస్తుంటే, పెట్టిన ప్రతి హర్ఫూ ఒక్కో రంగులో మెరుస్తుంది. ఆ మెరుపుల్ని కెమెరా పట్టుకుంటుంది. ఈ పద్ధతి మీద ప్యాక్‌బయో కంపెనీ 2011లో మెషీన్ అమ్మకానికి పెట్టింది. వేల హర్ఫ్‌ల పొడుగున చదివేది, కానీ నూటికి పదిహేను దాకా గల్తీలు! నవ్వినవాళ్ళు చాలామంది. దానికి 2019 నాటికి ఒక ఇలాజ్ కుదిరింది. ముక్కని గాజులా గుండ్రంగా కలిపేసి, అదే ముక్కని మళ్ళీ మళ్ళీ చదివించారు. ఒకసారి తప్పు చదివిన హర్ఫ్ ఇంకోసారి తప్పదు కదా. అన్నీ కలిపి చూస్తే 15 వేల హర్ఫ్‌ల ముక్కలో వెయ్యికి ఒకటో రెండో గల్తీలు మిగిలాయి.

ఒకటి చాలా పొడుగు, కానీ కాస్త మసక. ఇంకోటి కాస్త పొట్టి, కానీ సాఫ్. రెండూ చేతులు కలిపితే?

* * *

ఆ చేతులు కలిపించినవాళ్ళలో ముందు నిలిచింది ఇద్దరు. శాంతాక్రజ్‌లో కరెన్ మిగా, అమెరికా జాతీయ జీనోమ్ సంస్థలో ఆడమ్ ఫిలిప్పీ. మిగా చదువంతా ఆ 'కచరా' అన్న రదీఫ్‌ల మీదే నడిచింది. ఇద్దరూ కలిసి ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఒక్క ఖాలీ లేకుండా చదువుదాం అని ఒక జమాత్ కూడగట్టారు. క్రోమోజోమ్ కొసల్ని టెలోమియర్లు అంటారు కాబట్టి దానికి 'టెలోమియర్ టు టెలోమియర్' అని పేరు. 2020 జులైలో ఎక్స్ క్రోమోజోమ్ పూరా అయింది. మనిషి క్రోమోజోమ్ ఒకటి ఈ కొస నుంచి ఆ కొస దాకా చదవడం అదే మొదలు. మనం లాక్‌డౌన్‌లో తలుపులు వేసుకుని ఉన్న ఆ రోజుల్లో వాళ్ళు ఎవరి ఇళ్ళలో వాళ్ళు కూర్చుని మిగిలినవి అతికించారు. 2021లో ఎనిమిదో క్రోమోజోమ్. 2022 మార్చి 31న సైన్స్ పత్రికలో ముకమ్మల్ కితాబ్ అచ్చయింది. 305 కోట్ల 50 లక్షల హర్ఫ్‌లు. పాత కితాబ్‌లో లేని కొత్త ఇబారత్ సుమారు 20 కోట్ల హర్ఫ్‌లు. అందులో ప్రోటీన్ తయారుచేసేవిగా అనుకుంటున్న కొత్త జీన్లు 99.

ఆ కితాబ్ ఎవరిదో తెలిసిన రోజు నేను చాలాసేపు మాట్లాడలేదు. మన వైపు డాక్టర్లు ముత్యాల గర్భం అనే ఒక హాలత్ ఉంది. కడుపు వచ్చినట్టే ఉంటుంది, లోపల బిడ్డ ఉండదు, ద్రాక్ష గుత్తి లాంటిది పెరుగుతుంది. ఖాలీ అండంలోకి అబ్బా తరఫు సెట్టు ఒక్కటే పోయి, తనకి తానే నకలు తీసుకుంటే అలా అవుతుంది. పిట్స్‌బర్గ్‌లో ఊర్వశి సుర్తి అనే సైంటిస్టు అలాంటి గర్భం నుంచి కణాలు తీసి పెంచారు. ఆ ఔరత్ పేరు ఎక్కడా లేదు. మామూలుగా మనలో రెండు సెట్లు కాస్త తేడాతో ఉంటాయి, అతికించేటప్పుడు ఏ ముక్క ఏ సెట్టుదో గడబిడ అవుతుంది. ఈ కణాల్లో రెండు సెట్లూ ఒకటే కాబట్టి ఆ గడబిడ లేదు. అందుకే ఆ కణాలనే ఎంచుకున్నారు.

అంటే మనిషి మొదటి ముకమ్మల్ కితాబ్ ఏ బాద్‌షాదీ కాదు, ఏ సైంటిస్టుదీ కాదు. బిడ్డగా మారని ఒక గర్భానిది. ఎక్కడో ఒక తల్లి దవాఖానా నుంచి ఖాలీ చేతులతో ఇంటికి వెళ్ళింది. ఆమె మీద ఎవరెవరు ఏమేమి ఇల్జాములు వేశారో మనకి తెలియదు. ఆమె పోగొట్టుకున్నదే ఇవాళ దునియా చదువుతోంది. ఆపాకి ఈ సంగతి చెబితే చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, "ఆమెకి ఎవరైనా చెప్పారో లేదో" అంది.

ఆ కణాల్లో ఎక్స్ ఉంది గాని వై క్రోమోజోమ్ లేదు. దాని కోసం ఇంకో మనిషి కణాలు తీసుకుని 2023 ఆగస్టులో వై కూడా పూరా చేశారు. 6 కోట్ల 24 లక్షల హర్ఫ్‌లు. పాత కితాబ్‌లో అందులో సగానికి పైగా ఖాలీ.

* * *

ఇప్పుడు మా లిఫాఫా దగ్గరికి.

రెండు క్రోమోజోములు ఇలా అతుక్కోవడాన్ని మొదట చూసింది 1916లో, మిడతల్లో. చూసినవాడు రాబర్ట్‌సన్ అనే అమెరికన్. ఆయన పేరే ఉండిపోయింది. మనుషుల్లో సుమారు 800 మందిలో ఒకరికి ఇలా ఉంటుంది. ఎక్కువగా 13తో 14. పోయే పొట్టి చేతుల్లోని జరూరీ ఇబారత్ మిగతా పొట్టి చేతుల మీదా ఉంటుంది కాబట్టి ఆ మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు. బిడ్డకి సెట్టు పంచేటప్పుడు మాత్రం ఒక్కోసారి ఒక జిల్దు ఎక్కువో తక్కువో పోతుంది. అప్పుడు ఎక్కువసార్లు గర్భం నిలవదు.

వందేళ్ళుగా మైక్రోస్కోపులో కనిపిస్తున్నా, ఎందుకు అతుక్కుంటాయో చెప్పలేకపోయారు. ఎందుకంటే ఆ అతుకు పడేది ఖాలీ వరఖ్‌ల మీద. 2023 మేలో నేచర్ పత్రికలో ఎరిక్ గారిసన్, జెన్నిఫర్ గెర్టన్ వాళ్ళ బృందాలు మొదటి జవాబు ఇచ్చాయి. కొత్తగా చదివిన పొట్టి చేతుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, 13, 14, 21 మీద ఒకే రదీఫ్ ఉంది. కానీ 14 మీద అది ఉల్టాగా రాసి ఉంది. కణం లోపల ఈ చేతులు ఒకదాని పక్కన ఒకటి చేరి ఇబారత్ మార్చుకుంటూ ఉంటాయి. ఉల్టాగా ఉన్న చోట మార్చుకుంటే రెండు పొడుగు చేతులూ ఒకవైపు కలిసిపోతాయి, పొట్టి చేతులు రాలిపోతాయి. 2025లో అలా అతుక్కున్న మూడు క్రోమోజోముల్ని పెద్ద ముక్కల తరీఖాలోనే చదివి, అతుకు నిజంగా ఆ రదీఫ్ దగ్గరే పడిందని చూపించారు.

అంతే. నజర్ కాదు, వేడి కాదు, చదువు కాదు. ఒక ఉల్టా రదీఫ్. డాక్టరమ్మ 2004లో చెప్పలేకపోయిన జవాబు ఇది.

ఇందులో ఇలాజ్ ఏమీ లేదని కూడా చెప్పాలి. అతుకుని ఎవరూ విప్పలేరు. దాన్ని కనిపెట్టే పరీక్ష ఇవాళ్టికీ ఆ పాత మైక్రోస్కోపు పరీక్షే. కొత్తగా వచ్చింది ఎందుకు అనే మాటకి జవాబు మాత్రమే. కానీ ఇరవై ఏళ్ళు ఇల్జామ్ మోసిన మనిషికి ఆ జవాబు చిన్నది కాదు.

* * *

ఇంకో సంగతి. ఒకే ఒక్క కితాబ్ చాలదు. మనుషులందరి కితాబ్‌లూ కాస్త కాస్త వేరు. అందుకే 2023లో 47 మంది కితాబ్‌లు కలిపి ఒక కొత్త రెఫరెన్స్ మొదలుపెట్టారు. దానికి పాన్‌జీనోమ్ అని పేరు. అందులో మన దక్షిణాసియా వాటా చాలా తక్కువ. దుబాయ్‌లోని సైంటిస్టులు 53 మంది అరబ్బులతో తమ పాన్‌జీనోమ్ తామే తయారుచేసుకున్నారు. అంతకు ముందు 2015లో ముగిసిన వెయ్యి జీనోముల ప్రాజెక్టులో మాత్రం తెలుగువాళ్ళం ఉన్నాం. బ్రిటన్‌లో స్థిరపడిన 102 మంది తెలుగువాళ్ళ డీఎన్‌ఏ 'ఐటీయూ' అనే పేరుతో దునియా అంతా వాడుతోంది. మన ముల్కులో జీనోమ్ ఇండియా వాళ్ళు 10,000 మందివి చదివి 2025 జనవరిలో సైంటిస్టులకి అందుబాటులో పెట్టారు. హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ కూడా అందులో ఉంది. అయితే అది చిన్న ముక్కల చదువు. ఖాందాన్‌లోనే రిష్తాలు కలుపుకునే మనలాంటి ఇళ్ళ పొట్టి చేతుల్లో ఏం రాసి ఉందో, పెద్ద ముక్కలతో చదివితేనే తెలుస్తుంది.

2006లో ఆపాకి కూతురు పుట్టింది. సేహత్‌గా, బొద్దుగా. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. పోయినేడు తనంతట తానే వెళ్ళి పరీక్ష చేయించుకుంది. 45. అబ్బా దగ్గర్నుంచి అదే అతుకు వచ్చింది. కాగితం చూసి దుల్హేభాయ్ మొహం పాలిపోయింది. పిల్ల మాత్రం, "నాకేం కాలేదు కదా అబ్బా, మీకూ ఏం కాలేదు" అంది.

ఇప్పుడు రిష్తా ఒకటి వచ్చింది. మంచివాళ్ళు. మా ఇంట్లో రెండు నెలలుగా ఒకటే బహస్. చెప్పాలా వద్దా. చెబితే రిష్తా పోతుందని పెద్దవాళ్ళు. చెప్పకపోతే రేపు పిల్ల మీద అవే మాటలు, అదే వంటింటి గుసగుసలు అని ఆపా. "నేను పడ్డది నా బిడ్డ పడొద్దు. ఈసారి కాగితం ముందే వెళ్ళాలి" అంది.

పోయిన జుమేరాత్ నేను, దుల్హేభాయ్ వాళ్ళింటికి వెళ్ళాం. చాయ్ అయ్యాక దుల్హేభాయ్ తన పాత రిపోర్టూ, కూతురి కొత్త రిపోర్టూ బల్ల మీద పెట్టాడు. "ముందు ఇది నాది" అని మొదలుపెట్టాడు. పైన మీకు చెప్పిందంతా నేను వాళ్ళకి చెప్పాను, గజల్ మిసాల్‌తో సహా. అబ్బాయి అమ్మీ చాలా సవాళ్ళు అడిగింది. అబ్బాయి ఒక్కటే అడిగాడు, "మరి నేను కూడా చేయించుకోవాలి కదా, నాకూ ఉందేమో ఎవరికి తెలుసు?"

జవాబు ఇంకా రాలేదు. వాళ్ళు వక్త్ అడిగారు, ఇచ్చాం.

మీ ఇంట్లో ఎవరికైనా రెండు మూడుసార్లు కడుపు నిలవకపోతే, మొదటి రోజే మియా బీబీ ఇద్దరి ఖూన్ చూడమని డాక్టర్‌ని అడగండి. అయిదేళ్ళు ఆగకండి. జవాబు దొరికేదాకా ఆ జాగాని ఖాలీగానే ఉంచండి. సైంటిస్టులు కూడా ఇరవై ఏళ్ళు అలాగే ఖాలీగా ఉంచారు. అక్కడ ఎవరి పేరూ రాయలేదు.